అత్తయ్య నిన్నలన్నీ స్పానిష్‌లోనే

మా అత్తగారి పేరు అలివేలు. ఆవిడ చెల్లెలి పేరు మంగతాయారు. నిజానికి వాళ్ళ నాన్నగారు మొదటి పిల్లకే అలివేలు మంగతాయారు అని నిండుగా పెట్టుకుందామనుకున్నారట. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాస్తుంటే, అక్షరాలు పెద్దవైపోయి 'అలివేలు' దగ్గరే పళ్ళెం నిండిపోయింది. మిగిలిన సగం తరవాత పుట్టిన పిల్లకి ఇచ్చారు. నా పేరులో సగం నువ్వు కొట్టేశావని అక్క, నీ మిగులు నా మొహాన పడేశారని చెల్లెలు, ఇద్దరూ మాటలు వచ్చిన రోజు నుంచీ దెబ్బలాడుకుంటూనే ఉన్నారు.

భీమవరంలో మా ఇంటికీ చిన్నత్తయ్య ఇంటికీ మధ్య రెండు వీధులు. రోజూ మధ్యాహ్నం కాఫీ వేళకి ఆవిడ గొడుగు వేసుకుని వస్తుంది. వరండాలో రెండు కుర్చీలు, రెండు గ్లాసులు, ఒక తగువు. తగువులు చాలా ఉన్నా అన్నింటికీ పెద్ద బూరెల తగువు. అత్తయ్య పెళ్ళిలో అప్పగింతల వేళ ఊరంతా కళ్ళొత్తుకుంటుంటే, పసిపిల్ల మంగతాయారు వంటపాకలో కూర్చుని బూరెలు తింటోందట.

"నన్ను అత్తారింటికి సాగనంపుతుంటే నీకు బూరెలు కావలసొచ్చాయే!" అంటుంది అత్తయ్య.

"తిన్నాన్లే గొప్ప బూరెలు! ఉప్పు కషాయం. బెల్లం అనుకుని ఉప్పు పోసేసుంటాడు ఆ వంటవాడు" అంటుంది చిన్నత్తయ్య.

"విస్సన్న చేతి బూరెలకి వంక పెట్టిన నాలుక ఈ జిల్లా మొత్తానికి నీదొక్కటేనే. నాన్న ఏరి కోరి తెచ్చాడతన్ని."

"ఏరేటప్పుడు రుచి చూసి ఉండడు."

ఇలా పొద్దు వాలేదాకా సాగేది. తరవాత చిన్నత్తయ్య గొడుగు తీసుకుని "రేపొస్తానే" అని వెళ్ళిపోయేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో భయపడి మధ్యలో వెళ్ళి సర్దిచెప్పబోయాను. ఇద్దరూ ఒక్కటై నన్ను చీవాట్లు పెట్టారు.

నా పేరు హైమవతి. హైదరాబాదులో స్పానిష్ ఎం.ఏ. చదివాను. ఆ చదువు పట్టుకుని భీమవరంలో ఏం చేస్తావమ్మా అని జాలిపడని చుట్టం లేదు. వాళ్ళకి రొయ్య సంగతి తట్టలేదు. మా చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన రొయ్య మంచుపెట్టెలో పడుకుని స్పెయిన్ దాకా పోతుంది. రొయ్య వెళ్ళిన చోటికి మాట కూడా వెళ్ళాలి కదా. అందుకని పెనుమత్స రామభద్రరాజుగారి ఎగుమతి కంపెనీలో నేను స్పానిష్ పంతులమ్మని. మా ఆయన త్రివిక్రమ్ అదే కంపెనీలో, ఐసు ఫ్యాక్టరీ పక్క షెడ్డులో, మెదడు మీద పరిశోధన చేస్తాడు. రొయ్యల కంపెనీకి మెదడు ఎందుకని అడిగితే రాజుగారు ఒకటే మాట అంటారు: "రొయ్య మేత మీద ఇంత పరిశోధన చేయిస్తన్నామండి. మనిషి బుర్ర ఏం పాపం చేసిందండి?"

మా ఆయన కనిపెట్టింది ఒక టోపీ. అది పెట్టుకుని రొయ్యని చూస్తే, ఆ చూసిన క్షణానికి 'గాంబా' అన్న స్పానిష్ మాటని తీసుకెళ్ళి మెదడులో ముడేస్తుంది. ఆ ముడి ఊడదు. ప్యాకింగులో పనిచేసే ఆడపిల్లలు కొన్ని వారాల్లోనే రొయ్య, ఐసు, డబ్బా, దండం, క్షమించండి అన్నీ దొరసానుల్లా మాట్లాడేస్తుంటే, ఎమ్మే చదివిన నాకు కొంచెం కడుపు మండిన మాట నిజమే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఎదురుగా ఉన్నవాటికి మాటలు వస్తున్నాయి, గడిచినవాటికి రావడం లేదు. రొయ్యని చూపించగలం, మొన్నటిని ఎలా చూపిస్తాం? వ్యాపారంలో తగువులన్నీ మొన్నటి గురించే. ఒకసారి ప్యాకింగు సూపర్‌వైజరు నాగదుర్గ వీడియోలో స్పెయిన్ ఆసామీతో మాట్లాడుతోంది. మెత్తబడింది ఏ లోడు, పోయినదా, దానికి ముందుదా అని ఆయన అడిగాడు. నాగదుర్గకి 'ముందు' అన్న అర్థంలో ఒక్క 'ఆంతెస్' తప్ప రాదు. "ఆంతెస్" అంది. ఎంత ముందు అన్నాడాయన. "ఆంతెస్, ఆంతెస్, ఆంతెస్" అని చెయ్యి వెనక్కి ఊపింది. ఈ కంపెనీ పుట్టినప్పటి నుంచీ మెత్తటి రొయ్యలే పంపుతున్నారన్నమాట అని ఆయన ఫోను పెట్టేశాడు.

మా ఆయన తల పట్టుకున్నాడు. "గడిచినదానికి మాట ముడెయ్యాలంటే నేర్చుకునేవాళ్ళ జ్ఞాపకమే కావాలి హైమా. ఏది ముందు, దానికి ముందు ఏది అన్నది చెక్కుచెదరకుండా ఉన్న బుర్ర ఒక్కటి దొరికితే చాలు. అందులో నారు పోసి, ఆ నారు అందరికీ నాటేస్తాను."

ఫ్యాక్టరీలో అందరి బుర్రలూ వెతికాడు. అందరి జ్ఞాపకాలూ 'ఎప్పుడో', 'అప్పుడెప్పుడో', 'మా చిన్నప్పుడు' అన్న మూడు గంపల్లో కలగలిసి ఉన్నాయి. తన బుర్ర తనే చూసుకున్నాడు. మా పెళ్ళి ముందో, వాళ్ళ ఇంటి గృహప్రవేశం ముందో టోపీకి తేల్చి చెప్పలేకపోయాడు. దాని మీద మా ఇద్దరికీ జరిగిన సంభాషణ ఈ కథకి అనవసరం.

ఆ మధ్యాహ్నం మా ఆయన కాఫీ గ్లాసుతో వరండా గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా అత్తయ్య గొంతు ఖంగుమంటోంది. "అది పెళ్ళికి ముందురోజు సాయంత్రమే. మగపెళ్ళివారు విడిదిలో దిగాక, పానకం బిందెలు పంపకముందు. అంతకుముందు నువ్వు నా జడగంటలు తీసుకున్నావు. అంతకుముందు రోజు అడిగితే ఇవ్వనన్నాను కాబట్టి."

మా ఆయన కళ్ళు మెరిశాయి. "వద్దండీ" అన్నాను.

"ఇంట్లో గని పెట్టుకుని ఊరంతా తవ్వానే" అన్నాడు.

అత్తయ్యని ఒప్పించడం కష్టం కాలేదు. ఆవిడ అప్పటికే సరదాకి మామూలు టోపీ పాఠాలన్నీ పూర్తిచేసి, నాకు స్పానిష్‌లో వంట పురమాయిస్తోంది. "నా జ్ఞాపకశక్తిని చూసి భయపడినవాళ్ళే కానీ మెచ్చుకున్నవాడు ఈ ఇంట్లో నువ్వొక్కడివేరా నాయనా" అని కొడుకు తల నిమిరి, పట్టుచీర కట్టుకుని షెడ్డుకి బయల్దేరింది.

నారు పోసే పెద్ద టోపీ వేరు, బోర్లించిన ఇత్తడి గంగాళంలా ఉంటుంది. దాని కింద కుర్చీలో అత్తయ్య కూర్చుంది. నేను ఒక్కో మాట చదవాలి, అర్థం చెప్పాలి, ఆవిడ దానికి తగిన జ్ఞాపకం తలుచుకుని పైకి చెప్పాలి, టోపీ ముడెయ్యాలి.

"లా బీస్పెరా. అంటే ఏ పండగకైనా, శుభకార్యానికైనా ముందురోజు అత్తయ్యా."

"నా పెళ్ళి ముందురోజు. జడగంటలు" అంది తడుముకోకుండా. టోపీ చిన్నగా మూలిగింది.

"ఆంతాన్యో. వెనకటి రోజుల్లో అని."

"మా అత్తగారి కాలంలో. కోడళ్ళు అత్తల తరవాత లేచేవారు కారు." నా వంక చూసి మరీ చెప్పింది.

"ఆంతెరియోర్. దీనికి ముందుది అని."

"నీకంటే ముందు మావాడికి వచ్చిన సంబంధం. రేలంగి వాళ్ళ పిల్ల. వీణ వాయించేది."

నేను పళ్ళు బిగించుకుని తరవాతి మాట చదివాను. ఆ పూట అయ్యేసరికి అత్తయ్య జీవితమంతా స్పానిష్ ముడులతో నిండిపోయింది. పెళ్ళి, అప్పగింతలు, బూరెలు, జడగంటలు, నా అప్రయోజకత్వం, అన్నీ వరసలో సహా.

నారు అద్భుతంగా మొలిచింది. మరుసటి వారం నాగదుర్గ వీడియోలో కూర్చుంది. స్పెయిన్ ఆసామీ యథాప్రకారం లోడు బాగాలేదని మొదలుపెట్టాడు. నాగదుర్గ నడుం మీద చెయ్యి వేసుకుంది. ఎప్పుడూ వినయంగా ఉండే పిల్ల గొంతు ఒక్కసారి మారిపోయింది. "మీరు పోయినసారీ ఇదే మాట అన్నారు. అంతకుముందుసారీ అన్నారు. ముందుటేడు పండగ ముందురోజు లోడు దిగితే, తిన్నాక కదా బాగాలేదన్నారు! తినకముందు నోరెందుకు రాలేదు?" అని స్పానిష్‌లో దులిపేసింది. ఒక్క తప్పు లేదు. ఆసామీ బిక్కచచ్చిపోయి, వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చిందని చెప్పి, ఒప్పేసుకున్నాడు.

మాటలతోపాటు ఎత్తిపొడుపు కూడా నాటుకుందని అప్పుడు అర్థమైంది మాకు. ప్యాకింగు సెక్షనంతా అత్తయ్యలే. రాజుగారు మురిసిపోయారు. "అమ్మగారి నారు మహా గట్టిదండి డాక్టరుగారూ. ఈ పంట ఆపకండి ఆయ్."

కానీ ఇంట్లో సంగతి వేరు. నారు పోసిన మర్నాడు పొద్దున్నే నేను అత్తయ్యని అడిగాను. "నిన్న పాలవాడికి పెరుగు సంగతి చెప్పారా?"

"ఆయెర్ సె లో దిహే" అంది ఆవిడ. నిన్న చెప్పానని.

నేను నవ్వి, "తెలుగులో చెప్పండి" అన్నాను.

"తెలుగులోనే కదే చెబుతున్నాను, చెవుడొచ్చిందా?" అని తెలుగులోనే కసిరింది. ఇంకోసారి అడిగాను. మళ్ళీ స్పానిష్. ఈసారి ఆవిడకీ తన మాట తనకి వినపడింది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

తేలిందేమిటంటే, జరుగుతున్నదీ జరగబోయేదీ ఆవిడకి తెలుగులోనే వస్తుంది. ఎవరు ఆ రెండింట్లో ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది. కానీ తనకి జరిగిపోయినది చెప్పాలంటే మాత్రం నోటికి స్పానిష్ తప్ప రాదు. మిగతావాళ్ళకి నాటినది పైపైన ఒక మొలక. ఆవిడ దగ్గర నారుమడి మొత్తం వేళ్ళు దిగిపోయింది. ఒక్క నిద్ర పడితే చాలు, అంతకుముందుదంతా గడిచినదాని కింద లెక్క. అత్తయ్యకి మధ్యాహ్నం కునుకు అలవాటు. కునుకు తీసి లేచేసరికి పొద్దుటి ఇడ్లీలు కూడా స్పానిష్‌లోకి వెళ్ళిపోయేవి.

మొదట్లో ఈ ఉపద్రవం కొందరికి పండగైంది. మావయ్యగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి, "పెళ్ళయినప్పటి నుంచీ నా తప్పులు వింటున్నానమ్మా. ఇన్నాళ్ళకి ఒక్కటీ అర్థం కావడం లేదు. ప్రాణానికి హాయిగా ఉంది" అన్నారు. ఆయనకేం, నాకు అన్నీ అర్థమవుతున్నాయి. పైగా నేనే అనువదించాలి. ఇంటికి చుట్టాలొస్తే అత్తయ్య నా మొదటి వంట గురించి స్పానిష్‌లో విపులంగా చెప్పేది. వాళ్ళు నోరు తెరుచుకుని నావైపు తిరిగేవారు. నా నోటితో నేనే, "అప్పుడు నేను పప్పులో ఉప్పు మరిచిపోయానట, సాంబారులో రెండుసార్లు వేశానట" అని చెప్పుకోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అసలు దెబ్బ చిన్నత్తయ్యకి తగిలింది. మొదటి రోజు ఆవిడ గొడుగు మడిచి, కుర్చీలో కూర్చుని, కాఫీ అందుకుని, "ఏవిటే, ఇవాళ బూరెలు గుర్తు రాలేదా నీకు?" అని యథావిధిగా మొదలెట్టింది. అత్తయ్య ఉత్సాహంగా నోరు తెరిచింది. ధారాళంగా స్పానిష్ వచ్చింది.

చిన్నత్తయ్య కాసేపు విని, "వెటకారమా?" అంది.

నేను జరిగింది చెప్పాను. "దానికేం, నేను మధ్యలో కూర్చుని చెబుతాను" అన్నాను తెలివితక్కువగా. దెబ్బలాటకి దుబాసీ ఉండకూడదని నాకప్పుడు తెలీదు. అత్తయ్య గుక్క తిప్పుకోకుండా ఒక మాట అంటుంది. నేను దాన్ని విని, మర్యాద కలిపి, తెలుగులో పెట్టేసరికి దాని వేడి చల్లారిపోతుంది. తెలుగు అర్థమవుతుంది కాబట్టి అత్తయ్య నా మీదికి లేస్తుంది. "నేను తిండిపోతు అంటే నువ్వు భోజనప్రియురాలు అంటావేంటే? సరిగ్గా తిట్టవే!"

"నా అక్క నన్ను తిడితే పడతాను గానీ, నువ్వెవరే తిట్టడానికి?" అని చిన్నత్తయ్య లేచింది. కాఫీ సగంలో వదిలేసింది. "రేపొస్తానే" అనకుండా గొడుగు తీసుకుంది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అత్తయ్య మాత్రం రోజూ వరండాలో రెండు గ్లాసులు పెట్టించేది. ఒకటి తాగేది, రెండోది చల్లారాక నాకిచ్చి పారబోయించేది. ఫోను చేస్తే చిన్నత్తయ్య "పనిలో ఉన్నానే" అని పెట్టేసేది. ఊళ్ళో ఎవరికీ పనికిరాని మనిషికి మధ్యాహ్నం వేళ పనేమిటని అత్తయ్య ఉడుక్కుంది. కొన్నాళ్ళకి ఉడుక్కోవడం కూడా మానేసింది. నాకు వంకలు పెట్టడం మానేసింది. పప్పులో ఉప్పు తగ్గితే వేసుకుని తినేసింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఒక రోజు ఖాళీ కుర్చీ వైపు చూస్తూ "మి ఆంతిగ్వా ఎర్మానా" అంది. ఏమందమ్మా అని మావయ్యగారు అడిగారు. మునుపు నా చెల్లెలుగా ఉన్న మనిషి అని దాని అర్థం. ఏమీ లేదండీ, చెల్లెల్ని తలుచుకుంటున్నారు అన్నాను. ఆ ఒక్కసారి తప్పుగా అనువదించినందుకు ఆవిడ నన్ను కసరలేదు. చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే కొడుకుని పిలిచింది. "ఈ ముడులు ఊడదీసెయ్యరా."

మా ఆయన మొహం పాలిపోయింది. తల్లిని తనే ఇలా చేశానన్న బాధ అతన్ని అప్పటికే తినేస్తోంది. "ముడి విప్పడం రాదమ్మా. మొక్కని పీకితే మట్టితో సహా వస్తుంది. మాట తీస్తే దానికి ముడిపడ్డ జ్ఞాపకం కూడా పోతుంది. నీ పెళ్ళి, అప్పగింతలు, పిన్ని చిన్నతనం, అన్నీ. ఇకపైన జరిగేవి మాత్రం మళ్ళీ తెలుగులో ఉంటాయి."

అత్తయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు. "పోనీరా. అవి నా దగ్గరుండి ఏం లాభం, చెప్పుకునే మనిషి లేనప్పుడు? అది మళ్ళీ రావడం మొదలెడితే కొత్త తగువులు పెట్టుకుంటాం."

నేను ఎంత చెప్పినా వినలేదు. ప్యాకింగు పిల్లలు ముందే నేర్చేసుకున్నారు కాబట్టి రాజుగారు కూడా అడ్డు చెప్పలేదు. "అమ్మగారి మనసు కంటే లోడు ఎక్కువేంటండి" అన్నారు. ముహూర్తం చూసుకుని మరీ మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య షెడ్డుకి బయల్దేరింది. ఈసారి పట్టుచీర కట్టుకోలేదు.

నేను చిన్నత్తయ్య ఇంటికి పరుగెత్తాను. అక్క తనని మరిచిపోయేలోపు ఒక్కసారి వచ్చి కనపడమని చెబుదామని. తలుపు తాళం వేసి ఉంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "మంగతాయారుగారా? రోజూ ఈ వేళకి గొడుగేసుకుని రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తన్నారండి. ఏదో చదువంట" అంది.

నేను పొద్దుటి పాఠాలు చెబుతాను. మధ్యాహ్నం బ్యాచిని నాగదుర్గ చూసుకుంటుంది, అటువైపు నేను వెళ్ళను. ఆటో దిగి క్లాసు గది తలుపు తోశాను. నీలం రంగు కోట్లు వేసుకున్న ఆడపిల్లల మధ్య, మొదటి బెంచీలో, కొప్పు మీద టోపీ బిగించుకుని, ఒళ్ళో గొడుగు పెట్టుకుని మా చిన్నత్తయ్య కూర్చుని ఉంది. నాగదుర్గ నన్ను చూసి నాలుక్కరుచుకుంది. "ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండి అమ్మగారు."

"ఇంకా నేర్చుకోవడం కాలేదే" అని చిన్నత్తయ్య నా మీద విరుచుకుపడింది. "రొయ్యలొచ్చాయి, లెక్కలొచ్చాయి. గడిచినవాటి పాఠం మొన్ననే మొదలైంది. అదేం పాఠమో, ఈ టోపీ పోయిన లోడు దాకానే పోతోంది. అక్క పెళ్ళి దాకా పోవట్లేదు."

నేను జరగబోతున్నది చెప్పాను. ఆవిడ టోపీ కూడా తియ్యలేదు. వైర్లు ఈడ్చుకుంటూ పక్క షెడ్డులోకి దూసుకెళ్ళింది.

అక్కడ అత్తయ్య కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. మా ఆయన గంగాళం లాంటి టోపీని దించబోతున్నాడు. చిన్నత్తయ్య గొడుగుతో దాన్ని అడ్డుకుంది. "లేవవే! నువ్వు మరిచిపోతే నేనెవరితో దెబ్బలాడాలి? లే, నేను కూర్చుంటాను."

"పిన్నీ, ఆగు" అన్నాడు మా ఆయన. "ఇది మామూలు టోపీ కాదు. ఇందులో కూర్చుంటే నీ పాత సంగతులు ఇంకెప్పటికీ తెలుగులో చెప్పలేవు. ఎవరికీ చెప్పలేవు."

"ఎవరికి చెప్పాలిరా?" అంది ఆవిడ. "మీ బాబాయి పోయి ఎన్నాళ్ళైంది? నా చిన్నప్పటి సంగతి వినేదెవరు? వంకలు పెట్టేదైనా సరే, వినేది ఇదొక్కతే కదరా."

అత్తయ్య లేచి నిలబడి చెల్లెల్ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. వద్దే, నీకేం ఖర్మ అంది. చెల్లెలు ఆ చెయ్యి విదిలించుకుని కుర్చీలో చతికిలబడింది. ఆ ఇద్దరిలో ఎవరూ ఎవరి మాటా ఎప్పుడూ వినలేదు కాబట్టి, ఆ రోజు కూడా వినలేదు.

మా ఆయన నావైపు చూశాడు. నేను గొంతు సవరించుకుని మొదటి మాట చదివాను. "లా బీస్పెరా."

"జడగంటలు" అంది చిన్నత్తయ్య. "నేను తియ్యలేదు. అదే ఇచ్చింది."

"అబద్ధం!" అంది అత్తయ్య. టోపీ మూలిగింది.

ఒక్కొక్కటే ముడిపడుతూ వచ్చింది. పెళ్ళిపందిరి, తలంబ్రాలు, అరుంధతి. పెద్ద టోపీ కింద జ్ఞాపకం మసకగా ఉండదు. వాసన, రుచి అన్నీ నిన్నటిలా వస్తాయి. చివరికి నాకు తప్పలేదు, 'ఆంతెస్' చదివాను. దీనికంటే ముందు అని. మీ అక్కయ్యగారి అప్పగింతలు తలుచుకోండి, ఏది ముందు, ఏది తరవాతో చెప్పండి అన్నాను.

చిన్నత్తయ్య మొహం మారిపోయింది. ముడతల్లోంచి ఒక చిన్నపిల్ల బయటికొచ్చినట్టైంది. చెయ్యి గాల్లోకి లేచింది, వేళ్ళ మధ్య బూరె ఉన్నట్టు పట్టుకుంది. నోటిదగ్గర పెట్టుకుని ఆగింది. అప్పటికే మాట స్పానిష్‌లోకి మారిపోయింది.

నెమ్మదిగా చెప్పింది. వాకిట్లో అందరూ అక్క చుట్టూ ఉన్నారు. నేను చూడలేక వంటపాకలోకి పారిపోయాను. ఎవరో ఊరుకో అమ్మా అని చేతిలో బూరె పెట్టారు. కొరికాను. ఉప్పగా ఉంది. ఇంకోటి పెట్టారు. అదీ ఉప్పగానే ఉంది.

ఆగి, పెదవులు తడుముకుంది. ఎడమ చెంప తడుముకుంది. ఇన్నేళ్ళూ ఆవిడకే తెలియని సంగతి ఒకటి ఆవిడకి తెలిసింది.

"యా యొరాబా ఆంతెస్" అంది.

నేను అనువదించడానికి నోరు తెరిచాను. అవసరం లేకపోయింది. బూరె తినకముందు నుంచే ఏడుస్తున్నాను అన్న ఆ మాట, షెడ్డులో ఎవరికి అర్థం కావాలో వాళ్ళకి అర్థమైంది. అత్తయ్య గంగాళం పక్కకి తోసి చెల్లెల్ని వాటేసుకుంది. ఉప్పంతా నీదేనే, విస్సన్నది కాదే అని స్పానిష్‌లో భోరుమంది. చిన్నత్తయ్య కూడా ఏడ్చింది. నాగదుర్గ ఏడ్చింది. అర్థం కాకపోయినా తలుపు దగ్గర నిలబడ్డ రాజుగారు కండువాతో కళ్ళొత్తుకున్నారు. మా ఆయన నా భుజం మీద తల పెట్టుకున్నాడు. మా పెళ్ళి తేదీ ఈసారి చెబుతాడేమో అని ఆశపడ్డాను. చెప్పలేదు.

కాసేపటికి అత్తయ్య వెక్కుతూనే తల పైకెత్తి, స్పానిష్‌లోనే అడిగింది. "ఇన్నాళ్ళూ పాపం ఆ విస్సన్నని ఎందుకు తిట్టావే మరి?"

నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు మళ్ళీ రోజూ కాఫీ వేళకి గొడుగు వస్తోంది. వరండాలో రెండు కుర్చీలు, రెండు గ్లాసులు. మునుపటి చెల్లెలు అన్న మాట ఇప్పుడు లేదు. 'మి ఎర్మానా దె సియెంప్రె' అంటోంది అత్తయ్య. ఎప్పుడూ ఉన్న చెల్లెలు అని. తిట్టేటప్పుడు కూడా అదే అంటోంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. కూరలమ్మి గంప దించుకుని మరీ వింటోంది. నాకు ఒక్క మాట కూడా అనువదించే పని లేదు, సగం మాటలు నా గురించే అయినా.

నిన్న ఇద్దరి గొంతులూ వీధి చివరిదాకా వినపడ్డాయి. ఇద్దరూ గుండెల మీద చెయ్యి వేసుకుని "యో ఆంతెస్! యో ఆంతెస్!" అని అరుచుకుంటున్నారు. మావయ్యగారు పడక్కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వచ్చారు.

"ఇవాళ దేనికమ్మా గొడవ?"

"అప్పగింతల్లో ఎవరు ముందు ఏడ్చారో తేల్చుకుంటున్నారండీ. నేను ముందంటే నేను ముందని."

"తేలేటట్టుందా?"

"తేలకూడదండీ" అన్నాను. "తేలితే రేపు చిన్నత్తయ్య ఎందుకొస్తుంది?"